"పని ప్రమేయం"లో ప్రమేయం అంటే ఏమిటి?

ప్రశ్న:
ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో కాంతి విద్యుత్ ఫలితం (కాంతి పడినప్పుడు లోహం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడటం) చదివేటప్పుడు "పని ప్రమేయం" అనే మాట ఎదురవుతుంది. "నా ప్రమేయం లేకుండానే జరిగిపోయింది" అన్నప్పుడు ప్రమేయమంటే జోక్యం. గణితంలోనైతే ఒక సమితిలోని ప్రతి మూలకానికీ మరో సమితిలో ఒకే ఒక్క మూలకాన్ని జతపరచే సంబంధం. ఇక్కడ ఏ అర్థం తీసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

సమాధానం:
రెండూ సూటిగా కుదరవండి. పని ప్రమేయం అనేది ఒక రాశి. లోహపు ఉపరితలాన్ని విడిచి ఎలక్ట్రాన్ బయటపడటానికి కావలసిన కనీస శక్తికి అది పేరు. ఎలక్ట్రాన్ల స్థాయిలో శక్తిని కొలిచే ఎలక్ట్రాన్ వోల్టులలో చెబితే సోడియంకు సుమారు 2.3, జింకుకు సుమారు 4.3. ఇంగ్లీషులో దీన్ని వర్క్ ఫంక్షన్ అంటారు కనుక, గణితంలో ఫంక్షన్‌కు అప్పటికే స్థిరపడిన ప్రమేయాన్నే తెచ్చి ఇక్కడా కూర్చోబెట్టినట్టు కనిపిస్తుంది. 1905 నాటి వ్యాసంలో ఐన్‌స్టీన్ ఇంత ఆర్భాటానికి పోలేదు. వస్తువును విడిచేటప్పుడు ప్రతి ఎలక్ట్రానూ కొంత పని చేయవలసి ఉంటుందని, అదెంతన్నది ఆ వస్తువును బట్టి ఉంటుందని చెప్పి, ఆ పనిని "పి" అనే అక్షరంతో సూచించి ఊరుకున్నారు. జర్మన్‌లో దీనికి స్థిరపడిన మాటకు కూడా "బయటపడే పని" అనే అర్థం.

తమాషా ఏమిటంటే, మీరు చెప్పిన వాడుక అర్థం ఇదే పాఠంలో మరో చోట అచ్చంగా అతుకుతుంది. లోహం మీద పడే కాంతి తీవ్రతను పెంచితే బయటికి వచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుందే తప్ప వాటి గరిష్ఠ శక్తి పెరగదని 1902లో భౌతికశాస్త్రవేత్త లెనార్డ్ గమనించారు. అంటే ఆ గరిష్ఠ శక్తిలో తీవ్రతకు ప్రమేయం లేదు, ప్రమేయమంతా పౌనఃపున్యానిదే, అంటే కాంతి తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నదానిదే. కాంతిని కేవలం తరంగంగా భావిస్తే ఇది అంతుపట్టదు, ఎందుకంటే తరంగం బలపడిన కొద్దీ అది ఎలక్ట్రాన్‌ను మరింత గట్టిగా ఊపాలి. కాంతి శక్తి క్వాంటాలుగా, అంటే విడివిడి పొట్లాలుగా వస్తుందని, ఒక్కో క్వాంటం శక్తి పౌనఃపున్యానికి అనులోమానుపాతంలో ఉంటుందని, ఒక క్వాంటం తన శక్తినంతటినీ ఒకే ఎలక్ట్రాన్‌కు ఇచ్చివేయగలదని ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన తర్వాతనే లెక్క తేలింది. 700 నానోమీటర్ల ఎర్రని కాంతిలో ఒక్కో ఫోటాన్ (కాంతి క్వాంటం) శక్తి 1.8 ఎలక్ట్రాన్ వోల్టులకు మించదు. జింకు అడిగేది 4.3. కాబట్టి ఎర్రదీపాన్ని ఎంత ప్రకాశవంతం చేసినా జింకు రేకు నుంచి ఎలక్ట్రాన్ ఊడిరాదు, బలహీనమైన అతినీలలోహిత కాంతి మాత్రం దాన్ని వెంటనే రాబడుతుంది.

మరొక సభ్యుని స్పందన:
పై వివరణ బాగున్నది కాని, మాటను మరీ తేలికగా తీసివేశారేమో. సంస్కృతంలో "మా" ధాతువుకు కొలుచుట అని అర్థం. కొలిచే సాధనం ప్రమాణం, దానికి అందేది ప్రమేయం; తర్కాన్ని చర్చించే న్యాయదర్శనంలో ఈ రెండూ జంటగానే వస్తాయి. కొలతకు అందనివాడు కనుకనే విష్ణువును అప్రమేయుడన్నారు. ఆ లెక్కన పని ప్రమేయమంటే "పని రూపంలో కొలవదగినది" అని సమర్థించవచ్చును గదా?

సమాధానం:
వ్యుత్పత్తి ముచ్చటగా ఉందండి, మాటను పుట్టించినవారి మనసులో అది ఉన్నా లేకపోయినా. కొలవదగినదన్న మాట మాత్రం అక్షరాలా నిజం. అమెరికాలో భౌతికశాస్త్రవేత్త మిలికన్ 1916 నాటికి ముగించిన ప్రయోగాలలో సోడియం, పొటాషియం, లిథియం దిమ్మలను శూన్యం చేసిన గాజుపాత్రలో అమర్చి, బయటినుంచి విద్యుదయస్కాంతంతో నడిపే కత్తితో వాటి పైపొరను లోపలే చెక్కించి, అలా బయటపడిన తాజా ముఖం మీద కాంతిని ప్రసరింపజేశారు. గాలి తగిలితే ఈ లోహాల మీద క్షణాలలో ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, దానితో కొలత తారుమారవుతుంది. పౌనఃపున్యానికి ఎదురుగా ఎలక్ట్రాన్లను ఆపివేసే వోల్టేజీని గుర్తిస్తే సరళరేఖ వచ్చింది. ఏ లోహమైనా ఆ రేఖ వాలు ఒకటే, దాని నుంచి క్వాంటం శక్తిని పౌనఃపున్యంతో ముడిపెట్టే ప్లాంక్ స్థిరాంకం వస్తుంది. రేఖ ఎక్కడ మొదలవుతుందన్నది మాత్రం లోహాన్ని బట్టి మారుతుంది, పని ప్రమేయం తెలిసేది అక్కడ. ఇంతా చేసి, కాంతి క్వాంటాల ఊహను మిలికన్ అప్పటికి ఒప్పుకోలేదు. సమీకరణం సరిపోయిందని మాత్రం అంగీకరించారు.

కనుక నా అభ్యంతరం పేరు మీద కంటే నిర్వచనం మీదే ఎక్కువ. కొన్ని గైడ్లలో "లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను తీయడానికి కావలసిన శక్తి" అని రాసి వదిలేస్తున్నారు. "కనీస" అన్న మాట లేకపోతే, లోపలి లోతుల నుంచి వచ్చే ఎలక్ట్రాన్లకు అంతకంటే ఎక్కువ శక్తి ఎందుకు కావలసివస్తుందో విద్యార్థికి అర్థం కాదు. "ఉపరితలం" అన్న మాట లేకపోతే మిలికన్‌కు కత్తి ఎందుకు అవసరమైందో అర్థం కాదు. పేరు పని ప్రమేయమనే ఉంచి, నిర్వచనంలో ఈ రెండు మాటలూ తప్పక రాయండి.