1,42,000 కిలోమీటర్లు తిరిగిన బండి కొనొచ్చా? రేపు పొద్దున్నకల్లా చెప్పాలి

సీతమ్మధార కుర్రాడు: అన్నలూ, మధ్యాహ్నం రెండింటి నుంచి ఇదే పని మీద ఉన్నాను, బుర్ర వేడెక్కిపోయింది. ఒక బండి చూశాను. మైలేజీ బాగా ఎక్కువ, 1,42,000. రేపు పదింటికల్లా అడ్వాన్సు ఇవ్వకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానంటున్నాడు ఓనరు. వీడియోలు ఓ ఇరవై చూశాను. ఒకాయన లక్ష దాటితే ముట్టుకోవద్దంటాడు, ఇంకొకాయన మూడు లక్షలైనా పర్లేదంటాడు. నడిపి చూశా, బానే ఉంది. ఏసీ కూడా చల్లగా వస్తోంది. కొనొచ్చా, వద్దా? ఒక్క మాట చెప్పండి చాలు.

ఒక్కముక్క: ఏ బండి?

లాసన్స్ బే మాస్టారు: మైలేజీ ఎక్కువైతే సంతోషించాలి కదా నాయనా! మైలేజీ అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్నది. మీరు అడుగుతున్నది బండి ఎంత తిరిగిందని. ఈ రెండూ కలిపేసి మాట్లాడబట్టే బేరాల్లో మోసాలు జరుగుతున్నాయి.

గాజువాక షెడ్డు: మాస్టారూ, మేం 'రీడింగ్ ఎంత' అంటాం. అందరికీ అర్థమవుతుంది. తమ్ముడూ, పెట్రోలా, డీజిలా? ఏ సంవత్సరం? ఎన్నో ఓనరు? రేటెంత? ఇవేవీ చెప్పకుండా ఒక్క మాట అంటే ఎలా?

సీతమ్మధార కుర్రాడు: ఇంత తిరిగిందంటే డీజిలే కదండీ, ఇంకేముంటుంది. డిజైర్. 3,60,000 చెబుతున్నాడు. ఇంతకీ లక్షన్నర దగ్గరపడితే ఇంజన్ పని అయిపోయినట్టేనా?

మురళీనగర్ నుంచి: అన్నిటికంటే ముందు నీట మునిగిన బండేమో చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో కార్ల మీద చెట్లు పడ్డాయి, నీళ్లు చేరాయి. అవన్నీ ఏమయ్యాయనుకున్నారు? కడిగి, రంగేసి అమ్మేశారు. సీటుబెల్టు చివరిదాకా బయటికి లాగండి, లోపలి కొసలో బురద మరక దొరుకుతుంది. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లు ఆకుపచ్చగా మారి ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఒక్కముక్క: సంవత్సరం చెప్పు.

సీతమ్మధార కుర్రాడు: 2016. ఏపీ 31, మన వైజాగ్ నంబరే, ఒక్కడే ఓనరు.

ఒక్కముక్క: హుద్‌హుద్ 2014.

మురళీనగర్ నుంచి: అయితే ఏంటి గురూ? ఆ తర్వాత వానలే పడలేదా? బెల్టు లాగి చూడమనడం తప్పా?

పెందుర్తి రోడ్డు: డీజిల్ బండి పదేళ్లు దాటితే తుక్కే. 2016 అంటే అయిపోయింది. పెట్రోలు చూసుకో.

గాజువాక షెడ్డు: ఆ పదేళ్ల గొడవ ఢిల్లీ చుట్టుపక్కల వాళ్లది. మనకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత బండి చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. తెలియనప్పుడు భయపెట్టకండి.

తమ్ముడూ, నువ్వు విను. రీడింగ్‌కి భయపడకు, అది నిజమో కాదో చూడు. కంపెనీ సర్వీసు సెంటర్‌లో బండి నంబరు చెప్పి, ఎప్పుడెప్పుడు ఎంత రీడింగ్ దగ్గర వచ్చిందో అడుగు. ఓనరు పక్కనుంటే చెబుతారు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగు తోలు, డ్రైవరు సీటు అంచు చూడు. మీటరు వెనక్కి తిప్పినంత తేలిక కాదు వాటి అరుగుదల దాచడం.

పొద్దున్నే వెళ్లు, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు, వేడిగా ఉంటే ఏదో దాస్తున్నాడని. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడ్లింగ్‌లో ఆయిల్ పోసే మూత తీయి. కాస్త ఆవిరి మామూలే. గుప్పుగుప్పుమని పొగ తంతోందంటే పిస్టన్ రింగులు అరిగినట్టు, ఇంజన్ విప్పాలి. సైలెన్సర్‌లో నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. ఆ తర్వాత సింహాచలం కొండెక్కించు. మూడో గేరులో తొక్కితే సౌండు పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ పోయినట్టే, ఆ ఖర్చు రేటులోంచి తగ్గించమను.

మర్రిపాలెం: ఇంజన్‌లో వాల్వుల్ని నడిపే టైమింగ్ బెల్టు మార్చారో లేదో అడగండి ముందు. లక్ష దాటాక తెగితే వాల్వులు వంగిపోతాయి.

గాజువాక షెడ్డు: దీనికి బెల్టు ఉండదు, చైన్.

మర్రిపాలెం: బెల్టో చైనో, తిప్పేది ఒకటే కదా.

గాజువాక షెడ్డు: ఒకటి కాదు. బెల్టు గడువు ప్రకారం మార్చాలి. చైన్ సాగితే స్టార్టింగ్‌లో గలగలమంటుంది, చెవికి తెలుస్తుంది. నేను ఇరవై ఏళ్లుగా విప్పుతున్నా.

లాసన్స్ బే మాస్టారు: గొలుసు అనొచ్చు కదా, చక్కటి మాట.

స్టీలు ప్లాంటు రిటైర్డ్: అందరూ ఇంజన్ గురించే మాట్లాడుతున్నారు. ఇంజన్ మార్చుకోవచ్చు, బాడీ మార్చలేరు. సముద్రం ఉప్పు ఇనుమును ఊరికే వదలదు. పైన పెయింట్ మెరుస్తున్నా డోర్ల కింద ఉండే సిల్లుల్లో, చాసిస్ పెట్టెల్లో నీళ్లు నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. అడుగున ఉన్న చిన్న నీటి రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయంటే మరీనూ. బండి ఎక్కడ పెట్టేవారు?

సీతమ్మధార కుర్రాడు: చెప్పాల్సిన విషయం అనుకోలేదు. ఓనరు బెంగళూరులో కొడుకు దగ్గరున్నాడు. రెండేళ్లుగా బీచ్ రోడ్డు అపార్టుమెంటు ముందు నిలబెట్టే ఉంది. కవరు కప్పి ఉంచాడు కాబట్టి బాడీ శుభ్రంగా ఉంది. అడుగున కూడా చూశా, నల్లగా నిగనిగలాడుతోంది, పోయిన నెలే కోటింగ్ వేయించాడట.

ఒక్కముక్క: వద్దు.

స్టీలు ప్లాంటు రిటైర్డ్: అయ్యో నాయనా, ఇది మొదట చెప్పాలి! ఉప్పుగాలిలో కవరు కప్పితే చెమ్మ లోపలే ఉండిపోతుంది. తుప్పు మీద కోటింగ్ వేస్తే పుండు మీద పట్టీ వేసినట్టు, కింద పని జరుగుతూనే ఉంటుంది. అమ్మే ముందు ఎవరైనా అడుగున రంగెందుకు వేయిస్తారు? షెడ్డులో లిఫ్ట్ ఎక్కించి, స్క్రూడ్రైవరు పిడితో సిల్లుల వెంట, సస్పెన్షన్ బిగించిన చోట్ల కొట్టి వినండి. గట్టి ఇనుము టంగుమంటుంది. తుప్పు పట్టింది మొద్దుగా పలుకుతుంది.

గాజువాక షెడ్డు: రెండేళ్లు ఆగిన డీజిల్ అంటే ట్యాంకులో నీళ్లు చేరి ఉండొచ్చు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు చూడాలి. టైరు మీద నాలుగు అంకెలు చూడు. 3219 అంటే 2019లో 32వ వారం తయారైందని. అరగకపోయినా పాత రబ్బరు రబ్బరే. ఇందాక నేను చెప్పినవి ఇప్పుడు రెండో వరస. ముందు లిఫ్ట్.

మురళీనగర్ నుంచి: నేను మొదటే నీళ్లు అన్నాను.

ఒక్కముక్క: ఆర్‌సీలో లోను?

సీతమ్మధార కుర్రాడు: యాప్‌లో ఇప్పుడే చూశా, బ్యాంకు పేరు ఉంది. లోను ఎప్పుడో కట్టేశానని అన్నాడు మరి.

గాజువాక షెడ్డు: కట్టేస్తే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఆర్‌సీలో లోను తీసేయించే ఫారం 35 ఇవ్వమను. అవి లేకుండా పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని ఏం లాభం, బండి నీ పేరు మీదకి రాదు. అవి చేతిలోకి వచ్చేదాకా రూపాయి ఇవ్వకు.

పెందుర్తి రోడ్డు: పెట్రోలు చూసుకో అని నేను ఊరికే అనలేదు.

లాసన్స్ బే మాస్టారు: ఇంతకీ లీటరుకు ఎంత ఇస్తుందో ఎవరూ అడగలేదు.

సీతమ్మధార కుర్రాడు: లిఫ్ట్ అనగానే ఓనరు ఫోన్ ఎత్తడం మానేశాడు. చూద్దాం. థాంక్స్ అండీ అందరికీ.

మర్రిపాలెం: మా బావమరిది అనకాపల్లిలో ఒకటి చూశాడు, 1,80,000. వైట్ ప్లేటే కానీ ముందు ట్యాక్సీ అంటున్నారు. అది ఎలా తెలుసుకోవాలో ఎవరికైనా ఐడియా ఉందా?