పెద్దవాళ్లనీ పిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టే క్లాసులు: వైజాగ్‌లో ఎవరైనా నడిపారా?

ఎంవీపీ_సెక్టార్6
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూడు ఆదివారాలుగా ఒక చిన్న క్లాసు నడుపుతున్నాం. పెద్దవాళ్లు 14 మంది, ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలు 11 మంది. పిల్లలు ఫోన్ నేర్పాలి, పెద్దవాళ్లు తమకి వచ్చిందేదో పిల్లలకి నేర్పాలి అనుకుని మొదలుపెట్టాం. మొదటి సగం బాగానే సాగుతోంది. రెండో సగం దగ్గరే బండి ఆగిపోతోంది. "మాకేం వచ్చమ్మా నేర్పడానికి" అని ఆడవాళ్లు లేచి వెళ్లిపోతున్నారు. మగవాళ్లు ఉపన్యాసం ఎత్తుకుంటే పిల్లలు ఫోన్లు తీస్తున్నారు.

ఒక్కో పెద్దాయనకి ఒక్కో పిల్లాణ్ని ఇవ్వాలా, గుంపుగా కూర్చోబెట్టాలా? పెద్దవాళ్ల చేత నేర్పించడం ఎలా? పదో తరగతి పిల్లల్ని పరీక్షలప్పుడు కూడా రప్పించగలమా? తక్కువ ఖర్చులో మంచి చోటు ఏదైనా ఉందా? సెల్లార్‌లో దోమలు చంపేస్తున్నాయి.

ఇప్పటికి నేర్పినవి: అక్షరాలు పెద్దవి చేసుకోవడం, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్, ఫోన్‌తో డబ్బు పంపడం. స్టెప్పులూ పిన్ నంబర్లూ మర్చిపోకుండా రాసుకోమని తలా ఒక నోటుబుక్ ఇచ్చాం.

పాత_క్యాషియర్
పిన్ నంబర్లు రాసుకోమన్నారా? అమ్మా, ముందు ఆ పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని ఆ పేజీలు చింపించండి. మిగతా ప్రశ్నలు తర్వాత చూద్దాం. నేను 34 ఏళ్లు బ్యాంకు కౌంటర్‌లో పనిచేశాను. ఏటీఎం కార్డు కవరు మీద పిన్ రాసుకుని, కార్డూ కవరూ కలిపి పారేసుకున్న వాళ్లని ఎంతమందిని చూశానో లెక్కలేదు.

కంచరపాలెం_రైల్వే
క్యాషియర్ గారూ, మీకు 34 ఏళ్ల సర్వీసు ఉంటే నాకు 74 ఏళ్ల వయసు ఉంది. నాకు మూడు పిన్‌లు, రెండు పాస్‌వర్డ్‌లు. రాసుకోవద్దంటారు సరే, గుర్తు ఎలా పెట్టుకోవాలో కూడా చెప్పండి. మూడుసార్లు తప్పు కొడితే లాక్ అయిపోతుంది. అప్పుడు కొడుకుకి ఫోన్ చేయాలి, వాడు మీటింగ్‌లో ఉంటాడు, రాత్రికి గాని మాట్లాడడు. ఆ రోజంతా పాలవాడికి కూడా డబ్బు ఇవ్వలేను. నేను రాసుకుంటాను. నా డైరీ, నా బీరువా.

మర్రిపాలెం_మనవరాలు
తాతగారూ, కోపం తెచ్చుకోకండి, మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మమ్మ ఫోనూ చిన్న నోటుబుక్కూ ఒకే సంచిలో పెట్టుకుంది. రైతుబజార్ నుంచి వస్తూ ఆ సంచి ఆటోలో మర్చిపోయింది. మేం తెలుసుకునేసరికి గంటన్నర. అకౌంట్‌లో 41,000 పోయాయి. ఫోన్ లాక్ నంబరు కూడా ఆ పుస్తకంలోనే, మొదటి పేజీలో, నా చేతిరాతతోనే ఉంది. రాసిచ్చింది నేనే. ఆవిడ ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత మళ్లీ ఫోన్‌తో డబ్బు కట్టలేదు. ఎంత బతిమాలినా వద్దంటుంది.

ఉక్కునగరం_రిటైర్డ్
పెద్దవాళ్లకి డబ్బు పంపడం కంటే, పింఛను ఆగకుండా బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ముందు నేర్పండి. ఏటా నవంబర్ వచ్చిందంటే మావాళ్లకి టెన్షనే. కొలిమి దగ్గర పనిచేసిన చేతులండీ, వేలిముద్ర గీతలు అరిగిపోయి మెషిన్ మీద ఎంత నొక్కినా పడవు. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ అనే ప్రభుత్వ యాప్‌లో ముఖం చూపించి ఇవ్వచ్చు. ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే యాప్ కూడా ఫోన్‌లో ఉండాలి. మా పక్క క్వార్టర్ కుర్రాడు ఒకే రోజు తొమ్మిది మందికి చేశాడు. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టడం, కళ్లజోడు తీయించడం, తెర మీద చెప్పగానే కన్ను ఆర్పమనడం, అంతే. వెలుతురు వీపు వెనక ఉంటే మాత్రం ఎన్నిసార్లు చేసినా రాదు.

ఇంకోటి. ఈపీఎస్-95, అంటే పీఎఫ్ ఆఫీసు ఇచ్చే పింఛను తీసుకునేవాళ్లు నవంబర్ కోసం ఆగక్కర్లేదు. ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. ఇది తెలియక ఎంతమంది ఎండలో క్యూలు కట్టారో.

మధురవాడ_కోడర్
పిన్ గొడవకి జవాబు ఉంది. యూపీఐ పిన్ మర్చిపోతే కొంప మునిగిపోదు, కొత్తది పెట్టుకోవచ్చు. డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, కార్డు గడువు తేదీ, ఓటీపీ కావాలి. ఆధార్‌తో కూడా కుదురుతుంది. అంటే రాసుకోవాల్సింది పిన్ కాదు, పిన్ మార్చుకునే పద్ధతి. అది మాత్రం పెద్దక్షరాలతో రాసివ్వండి.

పాలకీ కూరలకీ అయితే యూపీఐ లైట్ పెట్టించండి. అందులో ఒకసారికి 5,000 దాకా ఉంచుకోవచ్చు, ఒక్కో చెల్లింపు 1,000 దాకా పిన్ లేకుండానే వెళ్తుంది. ఫోన్ పోయినా పోయేది ఆ కాస్తే.

పాత_క్యాషియర్
పిన్ అడగని పద్ధతిని పెద్దవాళ్లకి అంటగడతారా? ఫోన్ చేతికి చిక్కినవాడు ఆ 5,000 లాగేస్తాడు కదా. పింఛను మీద బతికేవాళ్లకి 5,000 "ఆ కాస్తే" కాదు బాబూ.

మధురవాడ_కోడర్
5,000 పెట్టమని నేను అనలేదు, 5,000 దాకా పెట్టుకోవచ్చు అన్నాను. 500 పెట్టుకోండి. 34 ఏళ్ల సర్వీసు అని మూడుసార్లు చెప్పారు గానీ, మీరు రిటైరయ్యేనాటికి యూపీఐ ఉందా? అది వచ్చిందే 2016లో.

పాత_క్యాషియర్
ఒకసారే చెప్పాను. పైకి వెళ్లి చదువుకోండి. నేను రిటైరైంది 2019లో. నోట్ల రద్దు రోజుల్లో రాత్రి పదకొండు దాకా కౌంటర్‌లో కూర్చున్నవాణ్ని. పెద్దలతో మాట్లాడే పద్ధతి కూడా మీ క్లాసులో ఒక పాఠంగా పెట్టుకోండి.

కంచరపాలెం_రైల్వే
మీ ఇద్దరూ నా మాట వదిలేశారు. ఆ డెబిట్ కార్డు గడువు తేదీ నాకు కనపడదు. కార్డు మీద అంకెలన్నీ అరిగిపోయాయి.

మర్రిపాలెం_మనవరాలు
తాతగారూ, కార్డుని ఫోన్ కెమెరాలో చూస్తూ వేళ్లతో పెద్దది చేయండి, కనపడుతుంది. ఫోటో మాత్రం తీయకండి, ఊరికే చూడండి.

అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. మేం ముందు బ్యాంకుకి పరిగెత్తి, అక్కడ కాగితాలు నింపుతూ కూర్చుని, ఆ పుణ్యకాలం కాస్తా పోగొట్టుకున్నాం. ఈ నంబరు నోటుబుక్ అట్ట మీద రాయించండి.

భీమిలి_కుర్రాడు
అసలు ప్రశ్న పెద్దవాళ్ల చేత నేర్పించడం గురించి కదండీ. మేం పోయిన వేసవిలో చేశాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, మా తాతలందరూ ఒడ్డునే ఉంటారు. రెండు నెలలు వలలు బాగుచేసుకోవడమే పని. క్లాసు అని చెప్పలేదు, హాలు లేదు, మైకు లేదు. పడవ నీడలో కూర్చుని వల కడుతుంటే పక్కన నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టాం.

మా తాత నోటితో ఏమీ చెప్పడు. తెగిన చోట చుట్టూ ఇంకాస్త కత్తిరిస్తాడు. చిన్న చిల్లుని పెద్దది చేస్తున్నాడేంటని పిల్లలు కంగారుపడ్డారు. పీలికలు పోయి మంచి ముడి దొరికేదాకా కోస్తే గాని కొత్త దారం పట్టదట. వల కన్ను (గడి) సైజుకి బొటనవేలే కొలత. పిల్లాడి బొటనవేలు చిన్నది కాబట్టి వాడు కట్టిన కన్ను చిన్నదయిపోయింది. తాత దాన్ని విప్పేసి, వాడి చేతికి ఒక వెదురుముక్క చెక్కిచ్చాడు కొలతకి. ఇంజనీరింగ్ చదివే అన్నయ్య ఒకడు గంటసేపు కదలకుండా చూశాడు.

పిల్లలు మా తాతకి గాలి, అలలు ఎలా ఉంటాయో ఫోన్‌లో చూడటం నేర్పారు. ఆయన రోజూ చూస్తాడు. చూసి, బయటికొచ్చి ఆకాశం కూడా చూస్తాడు.

వన్‌టౌన్_నివాసి
మేం బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియానికి పన్నెండు మంది పిల్లల్నీ ఐదుగురు పెద్దవాళ్లనీ తీసుకెళ్లాం. లోపల ఇరుకు, పెద్దవాళ్లకి మెట్లు కష్టం, కాబట్టి ఇద్దరు బయటే కూర్చున్నారు. అసలు పాఠం బయటే జరిగింది. 1971 డిసెంబర్‌లో, యుద్ధమప్పుడు, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన రాత్రి మా ఇంటి కిటికీలు ఎలా అదిరాయో, దీపం కనపడకుండా అద్దాలకి నల్లకాగితం ఎలా అంటించామో చెప్తుంటే పిల్లలు లోపలికి వెళ్లడమే మర్చిపోయారు. ఘాజీని ముంచిన ఆ కుర్సురానే పక్కన పెట్టుకుని వింటుంటే ఒళ్లు పులకరించింది.

హార్బర్_మాజీ
కుర్సురా ఘాజీని ముంచలేదు. దయచేసి పిల్లలకి ఇలా చెప్పకండి. మన నౌకాదళం ఆ ఘనత ఇచ్చింది రాజ్‌పుత్ అనే నౌకకి. ప్రమాదవశాత్తూ పేలుడు జరిగి మునిగిందని పాకిస్తాన్ అంటుంది. కుర్సురా ఆ యుద్ధంలో పనిచేసిన సబ్‌మెరైనే, అంతవరకు నిజం. పెద్దవాళ్లు చెప్పిందల్లా పిల్లలు రాసుకుంటారు, రేపు బడిలో తప్పు పడుతుంది.

వన్‌టౌన్_నివాసి
సరే, నౌక పేరు నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. కిటికీలు అదిరింది మాత్రం నేను పదేళ్ల వయసులో నా చెవులతో విన్నది. దాన్ని దిద్దడానికి ఎవరూ రాకండి.

మర్రిపాలెం_మనవరాలు
కథ చెప్పించాలంటే హుద్‌హుద్ తుఫానుతో మొదలుపెట్టండి. 2014 అక్టోబర్ 12న ఎక్కడున్నారు అని అడిగితే వైజాగ్‌లో నోరు విప్పని మనిషి ఉండరు. ఇప్పటి పిల్లలు అప్పటికి చంటిబిడ్డలు, లేదా బాగా చిన్నవాళ్లు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, పాలు లేవు అంటే నమ్మలేకపోతున్నారు.

లెక్కల_టీచర్
పదో తరగతి పిల్లల్ని మార్చిలో పిలవకండి, తల్లిదండ్రులు క్లాసు మీదే కోపం పెంచుకుంటారు. ఎనిమిది, తొమ్మిది వాళ్లు చాలు. జతలు మాత్రం ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లకి ఒక పిల్లాడు. ఒక్కరే అయితే పెద్దాయన అడిగిందే మళ్లీ అడగడానికి మొహమాటపడతారు. పక్కన ఇంకొకరుంటే "నాకూ అర్థం కాలేదు బాబూ" అనడానికి ధైర్యం వస్తుంది.

ఇంతమంది రాశారు, ఒక్కరూ ఈ మాట ఎత్తలేదు: ఫోన్ పెద్దవాళ్ల చేతిలోంచి తీసుకోకూడదు. పిల్లలు చటుక్కున లాక్కుని టకటకా నొక్కి "అయిపోయింది తాతా" అని ఇచ్చేస్తారు. ఏమీ నేర్పినట్టు కాదు. నేను మా బడిలో పిల్లల్ని చేతులు వెనక్కి కట్టుకుని చెప్పమన్నాను. మొదటి పది నిమిషాలు గింజుకున్నారు. తర్వాత "పైన కుడివైపు, మూడు చుక్కలు, అవును, అదే, ఒక్కసారి మెల్లగా తాకండి" అని చెప్పడం వాళ్లే నేర్చుకున్నారు.

సీలింగ్ ఫ్యాన్ చప్పుడులో చెవి సరిగా వినపడనివాళ్లకి మాట అందదు. పక్కనుంచి కాదు, ఎదురుగా కూర్చుని ముఖం కనపడేలా చెప్పాలి.

మధురవాడ_కోడర్
చేతులు వెనక్కి కట్టుకోవడం ఈ వారమే మా నాన్నగారి దగ్గర చేస్తాను. క్యాషియర్ గారూ, సర్వీసు సంగతి ఎత్తడం తప్పే. క్షమించండి. యూపీఐ లైట్ విషయంలో మాత్రం నా మాట మారదు.

పాత_క్యాషియర్
నా మాటా మారదు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పంపడానికీ బ్యాలెన్స్ చూసుకోవడానికే కావాలి అని మీ నాన్నగారికి చెప్పండి. "మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అన్న మాటకే ఎక్కువమంది పడిపోయేది.

సెక్టార్6_మూడో_అంతస్తు
నేను ఆ సెల్లార్ క్లాసు నుంచి లేచి వెళ్లిపోయిన వాళ్లలో ఒకదాన్ని. ఇది నోటితో చెప్పి టైపు చేయిస్తున్నాను, మీ పిల్లలే నేర్పారు. అమ్మా, నువ్వు మమ్మల్ని నిలబెట్టి అందరి ముందూ "మీకేం వచ్చు ఆంటీ" అని అడిగావు. ఏం చెప్పమంటావు? నాకు సర్టిఫికెట్లు ఉన్నాయా? పొద్దున్న లేచి చేసే పనులన్నీ వచ్చు. వాటిని ఎవరైనా వచ్చినవాటి కింద లెక్కపెడతారా? నాకు సిగ్గేసింది. అందుకే మోకాళ్ల నొప్పి అని చెప్పి వెళ్లిపోయాను.

ఎంవీపీ_సెక్టార్6
ఆంటీ, నాకు నిజంగా తట్టలేదు. క్షమించండి. నోటుబుక్‌లు నిన్న రాత్రే ఇంటింటికీ తిరిగి పిన్ పేజీలు చింపించాను. ఇద్దరు మాత్రం ఇవ్వనన్నారు. ఆంటీ, ఈ ఆదివారం వస్తారా? ఏమీ అడగను.

సెక్టార్6_మూడో_అంతస్తు
వస్తాను. లేత పనసకాయలు దిగుతున్నాయి, ఒకటి తెప్పించు. పొట్టు కొట్టడం ఈ పిల్లల్లో ఒక్కరికీ రాదు, వాళ్ల అమ్మలకీ రాదు, మార్కెట్లో కొట్టించుకుని తెచ్చుకుంటారు. కత్తికీ అరచేతులకీ నూనె రాయాలి, లేకపోతే జిగురు రెండ్రోజులు వదలదు. కింద పాత పేపర్లు పరవండి. నాకు కుర్చీ కావాలి, నేల మీద కూర్చోలేను, మోకాళ్ల నొప్పి అబద్ధం కాదు.

లెక్కల_టీచర్
పిల్లల చేతికి కత్తి ఇస్తారా? ఏడో తరగతి వాళ్లు కూడా ఉన్నారన్నారు. తల్లిదండ్రుల్ని అడిగారా?

సెక్టార్6_మూడో_అంతస్తు
చిన్నవాళ్లు ఆవపెట్టడానికి ఆవాలు నూరుతారు. కత్తి ఇంటర్ వాళ్లకే. నా చేతిలో కత్తి ఉండగా ఎవరి వేలూ తెగదు తల్లీ, యాభై ఏళ్లుగా కొడుతున్నాను.

కంచరపాలెం_రైల్వే
కెమెరాలో చూస్తే గడువు తేదీ కనపడింది. పోయిన నెలతో అయిపోయింది. కొత్త కార్డు ఇంటికి వస్తుందా, నేనే బ్యాంకుకి వెళ్లాలా?