బీఎస్సీ తర్వాత ఎమ్‌పీహెచ్: ఏం నేర్పుతారు, ఏ ఉద్యోగాలకి పనికొస్తుంది?

కావలి_బీజడ్‌సీ

మా చెల్లెలు కావలిలో బీఎస్సీ బీజడ్‌సీ ఆఖరి సంవత్సరం. ఎమ్మెస్సీ వద్దు, పబ్లిక్ హెల్త్‌లో ఎమ్‌పీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేస్తానంటోంది. ఇది డాక్టరు చదువా, నర్సు చదువా, శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోర్సా అని ఇంట్లో అడుగుతున్నారు. బీఎస్సీతో సీటిస్తారా? రెండేళ్లూ ఏం చెప్తారు? నెల్లూరు, ఒంగోలు వైపు ఉద్యోగాలు ఎట్టా ఉంటాయి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నిఘా_విభాగం

మీరు చెప్పిన మూడింట్లో ఏదీ కాదండి. డాక్టరు ఒక్క రోగిని చూస్తాడు. ఇక్కడ ఊరు మొత్తాన్ని చూస్తారు: జబ్బు ఎవరికొచ్చింది, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. ఇంటర్ ఒకేషనల్‌లో ఉండే ఎమ్‌పీహెచ్‌డబ్ల్యూ వేరు, హెల్త్ అసిస్టెంట్ల ఎమ్‌పీహెచ్ఏ వేరు. పేర్లు దగ్గరగా ఉండటంతో దళారులు ఒకటి చెప్పి ఇంకోదాంట్లో చేర్పిస్తారు. అడ్మిషన్ కాగితం మీద ‘మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్’ అని, రెండేళ్ల పీజీ అని ఉందో లేదో చూడండి.

సీటు సంగతి సంస్థను బట్టి మారుతుంది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఏ డిగ్రీ వాళ్లనైనా తీసుకుంటుంది. మనకు దగ్గర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉన్నాయి. తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థకు చెందిన అచ్యుత మీనన్ సెంటర్ 1997 నుంచి ఎమ్‌పీహెచ్ నడుపుతోంది. కొన్ని సంస్థలు ఎంబీబీఎస్, బీడీఎస్, నర్సింగ్ వాళ్లకే సీట్లిస్తాయి. అందుకని ప్రతి ప్రాస్పెక్టస్‌లో అర్హత పేరా చదివాకే ఫీజు కట్టండి.

ఎపిడ్_నెల్లూరు

ఏం నేర్పుతారో ఒక ఉదాహరణతో చెప్తాను. ఎపిడెమియాలజీ (జబ్బు ఎవరికి, ఎందుకు వచ్చిందో వెతికే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) అని పేర్లు చెబితే ఇంట్లో వాళ్లకి ఏమీ తెలియదు.

ఒక ఊళ్లో పెళ్లి భోజనం అయ్యాక వాంతులు, విరేచనాలు మొదలయ్యాయనుకోండి. 110 మందిని విచారించారు. పెరుగు తిన్న 60 మందిలో 42 మందికి జబ్బు చేసింది, అంటే 70 శాతం. తినని 50 మందిలో 5 మందికి, అంటే 10 శాతం. తిన్నవాళ్లకి ముప్పు 7 రెట్లు, కాబట్టి అనుమానం పెరుగు మీదికి పోతుంది. ఇదే లెక్క అన్నానికి, కూరకి, నీళ్లకి విడివిడిగా వేయాలి. పీహెచ్‌సీలో మంచమెక్కినవాళ్లనే అడిగి వచ్చేస్తే ఈ లెక్క కుదరదు, ఎందుకంటే జబ్బు రానివాళ్లు ఏం తిన్నారో తెలియదు. కొత్తగా ఫీల్డుకి పోయినవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. వారం ఆగి అడిగినా ఫలితం ఉండదు, ఏం తిన్నారో జనానికి గుర్తుండదు.

శాంపిళ్లకీ ఒక క్రమం ఉంటుంది. ట్యాంకులో బ్లీచింగ్ కలిపేశాక నీళ్లు పడితే ల్యాబ్‌లో ఏమీ దొరకదు. ముందే పట్టాలి. క్లోరిన్ ఉన్న నీళ్లయితే సీసాలో సోడియం థయోసల్ఫేట్ ఉండాలి, లేకపోతే దారిలోనే క్లోరిన్ క్రిముల్ని చంపేస్తుంది. కలరా అనుమానముంటే మలం శాంపిల్ యాంటీబయాటిక్ ఇవ్వకముందే తీసి క్యారీ-బ్లెయిర్ మీడియంలో (ల్యాబ్‌కి చేరేదాకా క్రిముల్ని బతికించి ఉంచే పదార్థం) పంపాలి. కొళాయి చివర మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందా అని క్లోరోస్కోప్‌తో చూడాలి.

మిగతాది సర్వే. ఒక జబ్బు ఎంతమందిలో ఉందో ముందు తెలియనప్పుడు 50 శాతం అనుకుని, 5 శాతం తేడాకి, 95 శాతం నమ్మకానికి లెక్కేస్తే 384 మంది కావాలి. ఊళ్లని గుంపులుగా ఎంచుకుంటే మామూలుగా దాన్ని రెట్టింపు చేస్తారు, 768. పదిమందిలో ఒకరు దొరకరని కలుపుకుంటే సుమారు 850. ఈ సంఖ్య ఎట్టా వచ్చిందో చెప్పలేని విద్యార్థి ఇంటర్వ్యూలో అక్కడే ఆగిపోతాడు. ఈ లెక్కలకి, మ్యాపులకి వాడే ఎపి ఇన్ఫో, ఆర్, క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్లు మూడూ ఉచితం. చేరకముందే మొదలుపెట్టమనండి.

కాంట్రాక్ట్_పోస్టు

ఉద్యోగాల గురించి దాచకుండా చెప్పాలి. జిల్లాలో దొరికేవి చాలావరకు నేషనల్ హెల్త్ మిషన్ కింద కాంట్రాక్టు పోస్టులే, ఏటా రెన్యువల్. సర్వైలెన్స్ (జబ్బుల నిఘా) విభాగంలో ఎపిడెమియాలజిస్టు, డేటా మేనేజరు, టీబీ, ఎయిడ్స్, అసాంక్రమిక వ్యాధుల (బీపీ, షుగర్ లాంటివి) ప్రోగ్రాముల్లో సమన్వయకర్తలు. ఎపిడెమియాలజిస్టు పోస్టుకి ఎంబీబీఎస్ మీద పీజీ చేసినవాళ్లకే ముందు వరస. లైఫ్ సైన్సెస్‌తో ఎమ్‌పీహెచ్ చేసినవాళ్లని ఒక నోటిఫికేషన్‌లో పిలుస్తారు, ఇంకోదాంట్లో పిలవరు. కాబట్టి పాత నోటిఫికేషన్లు ఓ అరడజను దించుకుని, అర్హత గడిలో బీఎస్సీ ప్లస్ ఎమ్‌పీహెచ్ ఎక్కడ ఉందో గీత గీసుకోండి. కాలేజీ ఎంపిక ఆ తర్వాతే.

జిల్లా దాటి పోగలిగితే దారులు ఎక్కువ: ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థల మానిటరింగ్ పనులు, ఆసుపత్రుల్లో క్వాలిటీ విభాగం, మందుల కంపెనీల్లో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా). సొంతూళ్లోనే పర్మనెంట్ ఉద్యోగం ఒక్కటే కావాలంటే ఈ చదువు ఆ ఇంటికి సరిపోదని నా అభిప్రాయం.

కావలి_బీజడ్‌సీ

చాలా థ్యాంక్సండి. కాలేజీ మంచిదో కాదో ఎట్టా తెలుస్తుంది? మన ప్రాంతం మీదే ప్రాజెక్టు చేయొచ్చా?

ఎపిడ్_నెల్లూరు

ఫీల్డ్ ప్రాక్టీస్ ఏరియా (విద్యార్థులు పని నేర్చుకునే ఊళ్లు) ఏ మండలంలో ఉందో, గత బ్యాచ్ డిసర్టేషన్ల (చివర్లో రాసే పరిశోధన నివేదికలు) పేర్లేంటో అడగండి. అన్నీ ‘ఫలానా విషయంపై అవగాహన’ అని ప్రశ్నాపత్రం సర్వేలే అయితే ఆ కాలేజీలో లెక్క నేర్పరని అర్థం.

మన ప్రాంతానికి ఫ్లోరైడ్‌ని మించిన ప్రాజెక్టు ఏముంది? ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకి, ఎముకలకి వచ్చే జబ్బు) నివారణకి 2008-09లో మొదలైన జాతీయ కార్యక్రమంలో తొలి జిల్లాల్లోనే నెల్లూరు ఉంది. ఉదయగిరి, కనిగిరి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలిసిందే. బడిపిల్లల పళ్లని డీన్ సూచికతో (పళ్ల మచ్చల తీవ్రతని కొలిచే స్కేలు) గ్రేడ్ చేసి, వాళ్లు తాగే బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో పక్కన పెట్టి చూడాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. శాంపిల్ ప్లాస్టిక్ సీసాలోనే పట్టాలి, ఫ్లోరైడ్ గాజుకి పట్టేస్తుంది. కాచిన నీళ్లు తాగుతున్నామని ఇంట్లో చెబితే అది కూడా రాసుకోవాలి. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. పళ్ల మచ్చలు చిన్నప్పుడు తాగిన నీటివల్ల వస్తాయి, కాబట్టి పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆ ఊళ్లోనే ఉన్నారా అని అడగకపోతే పోలికంతా తప్పుతుంది.

ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకి హాని లేకుండా చూసే కమిటీ) అనుమతికి మూడో సెమిస్టర్ మొదట్లోనే పెట్టమనండి. పిల్లలు కాబట్టి తల్లిదండ్రుల సంతకం, బడి అనుమతి రెండూ కావాలి. అనుమతి తేదీకి ముందు సేకరించిన డేటా పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.