రెండు టైబీరియస్ వెండి నాణేలు, వెనుక బొమ్మలో తేడా: ఒకటి నకిలీయా?

ప్రశ్న:
నమస్కారమండీ. నేను లండన్‌లో ఉంటాను. ఇన్నాళ్లూ నిజాం నాణేలు, విక్టోరియా రూపాయలే సేకరించాను. ఈ మధ్యే రోమన్ దేనారియస్‌లు రెండు వేర్వేరు దుకాణాల్లో కొన్నాను. రెండూ టైబీరియస్ చక్రవర్తివే. ముందు ఆయన తల, వెనుక కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ. కానీ ఒకదానిలో కుర్చీ కాళ్లు సాదాగా ఉన్నాయి, రెండోదానిలో నగిషీ చెక్కినట్టున్నాయి. చక్రవర్తి ముఖం కూడా రెండింటిలో ఒకేలా లేదు. ఒకదానిలో అక్షరాలు సగం అంచు బయటికి పోయాయి. బరువు 3.71, 3.62 గ్రాములు. ఒకటి నకిలీ ఏమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా తేల్చుకోవాలి?

జవాబు:
కంగారు పడకండి. మీరు చెప్పిన తేడాల్లో ఏదీ నకిలీకి గుర్తు కాదు. రోమన్ నాణేల విషయంలో అనుమానించాల్సింది తేడాను కాదు, రెండు నాణేలు అచ్చంగా ఒకేలా ఉండటాన్ని.

అప్పట్లో అచ్చులను ఒక్కొక్కటిగా చేత్తో చెక్కేవారు. చక్రవర్తి తల ఉన్న అచ్చు కింద దిమ్మెలో బిగించి ఉండేది. వెనుక బొమ్మ అచ్చును పనివాడు చేత్తో పట్టుకునేవాడు. మధ్యలో వెండి బిళ్ల పెట్టి సుత్తితో కొట్టేవారు. బిళ్ల కాస్త పక్కకు జరిగితే అక్షరాలు అంచు దాటిపోతాయి. దెబ్బ గట్టిగా తగిలితే అంచున చిన్న పగులు వస్తుంది. అచ్చు అరిగిపోతే కొత్తది చెక్కేవారు, దాంతో ముక్కు, మెడ, తల వెనుక వేలాడే రిబ్బన్ అన్నీ కొద్దిగా మారేవి. కాబట్టి రెండు ముఖాలు వేరుగా ఉండటం మామూలే.

కుర్చీ కాళ్ల సంగతి మాత్రం వేరు. అది చెక్కినవాడి చేతివాటం కాదు, కేటలాగుల్లో విడిగా నమోదైన రకం. టైబీరియస్ ఏలిన క్రీ.శ. 14–37 మధ్య ఎక్కువ కాలం లుగ్దునుమ్ టంకశాల, అంటే నేటి ఫ్రాన్స్‌లోని లియోన్, ఇదే బొమ్మతో నాణేలు కొట్టింది. అందుకే ఉపరకాలు పుట్టాయి. కుర్చీ కాళ్లు సాదాగా ఉండి కింద రెండు గీతలుంటే ఆర్‌ఐసీలో, అంటే రోమన్ చక్రవర్తుల నాణేలకు నంబర్లిచ్చిన కేటలాగులో, అది 26. కాళ్లు నగిషీగా ఉండి కింద ఒకే గీత ఉంటే 30. ముందు కాళ్లు చూడండి, తర్వాత గీతలు లెక్కపెట్టండి, ఆ తర్వాత ఆమె చేతిలోది రాజదండమా, తలకిందులుగా పట్టిన ఈటెనా అని చూడండి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఆన్‌లైన్ కేటలాగు ఓసీఆర్‌ఈలో నంబరు కొడితే మ్యూజియం నాణేల ఫొటోలు ఉచితంగా కనిపిస్తాయి. మీవి పక్కన పెట్టి పోల్చుకోండి.

అమ్మేవాళ్లు ఆ స్త్రీని టైబీరియస్ తల్లి లివియా అని రాస్తారు. నాణెం మీద ఆమె పేరెక్కడా లేదు. శాంతి దేవత అనేవాళ్లూ ఉన్నారు. బైబిల్లో పన్ను గురించిన ప్రశ్నకు యేసు చూపించమన్న దేనారము ఇదేనన్న నమ్మకం వల్ల దీని ధర ఎప్పుడూ ఎక్కువే. నిజానికి ఈ రకం అరుదైనదేమీ కాదు. నాలుగు గుర్రాల రథంలో టైబీరియస్ ఉన్న క్రీ.శ. 15–16 నాటి నాణెమే దీనికంటే అరుదు. ఆ డబ్బు పెట్టేటట్టయితే నేను దాని కోసం చూస్తాను.

ఇక నకిలీ సంగతి. మీ బరువులు రెండూ సరిగ్గా ఉన్నాయి. కాలిపర్ దగ్గరుంటే వ్యాసం కొలవండి, 17 నుంచి 20 మి.మీ. మధ్య ఉండాలి. అంచును వేలుగోటితో తడిమి చూడండి. చుట్టూ ఒక సన్నని అతుకు గీత తగిలినా, ఉపరితలం మీద బుడగల్లాంటి గుంటలు కనిపించినా అది పోత పోసిన నకలు కావచ్చు. ఇంకో పరీక్ష: వేలం సైట్లలో వెతికి, మీ నాణెం మీద ఉన్న పగులూ గీతా మరో నాణెం మీద సరిగ్గా అదే చోట ఉన్నాయేమో చూడండి. అచ్చు ఒకటే కావచ్చు, కానీ పగులు రెండు నాణేలకు ఒకే చోట రాదు.

ఇంకొకరి జవాబు:
పై జవాబుకు ఒక మాట కలుపుతాను. ఎక్కడైనా వెండి లేచిపోయి కింద రాగి కనిపిస్తే అది రాగి మీద వెండి రేకు తొడిగిన నాణెం. ఆ మోసం రోమన్ల కాలంలోనే జరిగేది, కాబట్టి అది పాతదే అయి ఉండొచ్చు. అలాంటివి బరువు తక్కువగా తూగుతాయి.

మన దగ్గర నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా దేనారియస్‌లు ఒకేచోట దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం టైబీరియస్, ఆయనకు ముందు ఏలిన అగస్టస్ కాలం నాటివి. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి బరువూ వెండీ తగ్గించాక మనవాళ్లు కొత్త నాణేలను అంతగా నమ్మలేదని చాలామంది అభిప్రాయం. మన దేశంలో దొరికిన రోమన్ నాణేల మీద ఉలితో పెట్టిన గాటు కూడా కనిపిస్తుంటుంది. అలాంటిది మీకు ఎదురైతే పాడైందని వదిలేయకండి, పూడ్పించకండి కూడా.

అగస్టస్ నాణేల్లో ఆయన మనవలు కయస్, లూసియస్ ఇద్దరూ డాళ్లు, ఈటెలతో నిలబడిన రకం తప్పకుండా చూడండి. వాళ్ల పైన పూజ గరిటె, వంపు కర్ర ఉంటాయి. ఏది ఎడమన ఉంది, ఏది కుడిన ఉంది అన్నదాన్ని బట్టి రకం మారుతుంది. మీకు బొమ్మల తేడాలు చూడటం ఇష్టమైతే దీనితో నెలలు గడిచిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. చూశాను: సాదా కాళ్ల దానికి కింద రెండు గీతలు, నగిషీ దానికి ఒకటి. అంచుల్లో అతుకేమీ లేదు. రెండు సందేహాలు. నల్లబడినదాన్ని చింతపండుతో తోమొచ్చా? మా అమ్మమ్మగారి ఊళ్లో పొలంలో దొరికిన ఇలాంటి వెండి నాణెం ఒకటి మామయ్య దగ్గర ఉంది. ఈసారి వచ్చినప్పుడు ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

మొదట జవాబిచ్చినవారు:
చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్, వెండి సామాన్లు ముంచే ద్రావణం, ఏదీ వద్దు. ఆ నలుపు శతాబ్దాల పొర, దానికే విలువ. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దకండి. జిగురు మరక ఉంటే అసిటోన్ సరిపోతుంది. పీవీసీ కవర్లలో మాత్రం పెట్టకండి, నాణెం మీద ఆకుపచ్చ జిడ్డు పడుతుంది.

మామయ్యగారి నాణెం తీసుకెళ్లకండి. వందేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. పొలంలో దొరికింది కాబట్టి 1878 నిధి చట్టం కూడా వర్తిస్తుంది. దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. మామయ్యగారిని కలెక్టర్ ఆఫీసులో రాతపూర్వకంగా చెప్పమనండి, ఎక్కడ దొరికిందో, చుట్టుపక్కల పెంకులు ఏమైనా ఉన్నాయో కూడా రాయమనండి. ఈలోగా రెండు వైపులా, అంచుకూ ఫొటోలు తీయించి ఇక్కడ పెడితే అది ఏ రకమో చూద్దాం.