మూలపడుతున్న మరాంట్జ్: బాగు చేయించాలా, పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించి వదిలేయాలా?

బాలాజీ కాలనీ శ్రోత, తిరుపతి

అందరికీ నమస్కారం. 1990లలో సింగపూర్ నుంచి వచ్చిన మా బావగారి దగ్గర కొన్న మరాంట్జ్ సీడీ-80 అనే సీడీ ప్లేయర్ మా ఇంట్లో ఉంది. ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఈ ఏప్రిల్ నుంచి పేచీ మొదలైంది. ఉదయం మొదటి అరగంట హాయిగా పాడుతుంది. ఆ తర్వాత పాట మధ్యలో తెగుతుంది. ఇంకాసేపటికి డిస్కునే గుర్తించదు.

బస్సులో ఒళ్లో పెట్టుకుని చెన్నైలో ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. పది నిమిషాలు చూసి "లెన్స్ పోయింది, కొత్తది దొరకదు, కావాలంటే పవర్ పెంచి చూస్తాం" అన్నారు. మనసొప్పక వెనక్కి తెచ్చుకున్నాను. మా అబ్బాయి మాత్రం డిస్కులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేసి దీన్ని ఎవరికైనా ఇచ్చేయమంటున్నాడు. నా దగ్గర 280 డిస్కులున్నాయి. సగానికి పైగా అన్నమయ్య కీర్తనలే. వాటిలో గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు పాడినవి ముప్పై దాకా ఉంటాయి. ఏం చేయమంటారు?

అవిలాల నుంచి

శ్రోత గారూ, మీ అబ్బాయి మాటే సరైనదని నా అభిప్రాయం. సీడీలో ఉన్నది అంకెలు. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు. నిమిషానికి పదిన్నర మెగాబైట్లు. 280 డిస్కులూ కలిపినా 200 గిగాబైట్లకు అటూ ఇటూ. పాటను కుదించి దాచే ఫ్లాక్ రూపంలో పెట్టుకుంటే అందులో సుమారు సగం చాలు, ఒక్క బిట్టు కూడా నష్టపోదు. జేబులో పట్టే డిస్కులో మీ బీరువా మొత్తం ఇమిడిపోతుంది.

ధ్వని సంగతి అంటారా, 16 బిట్లకు లెక్క ప్రకారం అతి మెల్లని, అతి గట్టి శబ్దాల మధ్య వచ్చే తేడా దాదాపు 96 డెసిబెళ్లు. అంకెలను ధ్వనిగా మార్చే ఇవాళ్టి చిన్న డాక్ కూడా ఆ హద్దును సునాయాసంగా అందుకుంటుంది. ఎప్పుడు ఆగిపోతుందో తెలియని యంత్రం మీద వేలు పోయడం కంటే ఆ డబ్బుతో మంచి స్పీకర్లు కొనండి. తేడా అక్కడ వినిపిస్తుంది.

సర్వీసు బల్ల, చిత్తూరు

శ్రోత గారూ, పవర్ పెంచనివ్వకుండా తెచ్చుకున్నారు, చాలా మంచి పని చేశారు. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత మిగతాది రాస్తాను.

మన వైపు లేజర్ యూనిట్ మొత్తాన్ని "లెన్స్" అనేస్తారు. ఏ సీడీ ప్లేయర్ ఆగినా "లెన్స్ పోయింది" అనే మాటే వినిపిస్తుంది. బోర్డు మీద ఒక చిన్న ప్రీసెట్, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేసే భాగం, ఉంటుంది. దాన్ని కాస్త తిప్పితే లేజర్‌కు కరెంటు పెరిగి, మొరాయిస్తున్న ప్లేయర్ ఆ పూటకు పాడేస్తుంది. యజమాని సంతోషంగా ఇంటికి వెళతాడు. నిజంగానే ముసలిదైన లేజర్ అయితే అది కొద్ది నెలల్లో పూర్తిగా ఆరిపోతుంది. బాగున్న లేజర్ అయితే బాగున్నదాన్ని మనమే చంపినట్టు. కొలవకుండా ప్రీసెట్ ముట్టుకోవడం నా దృష్టిలో నేరం.

మీ ప్లేయర్‌లో ఉన్నది ఫిలిప్స్ సీడీఎం-1 మార్క్ 2 మెకానిజం. పోతపోసిన లోహపు చట్రం, గాజు లెన్స్. తర్వాతి కాలపు చవక యూనిట్లలో లెన్స్ ప్లాస్టిక్‌ది, లేజర్‌ను ముందుకూ వెనక్కూ జరపడానికి పళ్లచక్రాలు ఉంటాయి. వాటికి గ్రీజు గట్టిపడుతుంది, పళ్లు అరుగుతాయి. మీ దాంట్లో ఆ గొడవే లేదు. ఇరుసు మీద ఊగే ఒక చేయి, దాని కొసన లెన్స్, అంతే. ఈ రకం లేజర్లు నలభై ఏళ్ల నాటివి కూడా నా బల్ల మీద చక్కగా చదువుతున్నాయి.

ఇక మీ లక్షణం. చల్లగా ఉన్నప్పుడు పాడి, వేడెక్కాక తెగుతోంది అన్నారు. లేజర్ అలసిపోయినా ఇలా జరగవచ్చు, కాదనను. కానీ నేను ముందు అనుమానించేది సర్వో బోర్డు, అంటే లేజర్‌ను డిస్కు మీద గురి తప్పకుండా నడిపే బోర్డు, మీది టంకం అతుకులను. వేడికి వ్యాకోచించి, వెంట్రుకవాసి పగులు తెరుచుకుంటుంది. భూతద్దంలో చూస్తే విడిభాగం కాలు చుట్టూ సన్నని నల్లని వలయంలా కనిపిస్తుంది. టంకం మళ్లీ పోస్తే ఖర్చు ఏమీ ఉండదు. ఆ తర్వాత లెన్స్ తుడవాలి. ఆ తర్వాత సంకేతాన్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపులో డిస్కు సంకేతం చూడాలి. వజ్రాకారపు గళ్లు తేటగా, తగినంత ఎత్తులో కనిపిస్తే లేజర్‌కు ఢోకా లేదు. ఇవన్నీ చూశాకే "లెన్స్ పోయింది" అనే మాట నోట్లోంచి రావాలి.

ఒక హెచ్చరిక. మూత తీసి నడుపుతుంటే లెన్స్‌లో సన్నగా ఎర్రటి చుక్క కనిపిస్తుంది. అది 780 నానోమీటర్ల కాంతి, మన కంటికి దాదాపు కనిపించదు. మసకగా ఉందని వంగి చూడకండి, అసలు బలం కంటికి తెలియదు.

పలమనేరు

సర్వీసు బల్ల గారు కండెన్సర్ల మాట ఎత్తలేదు. ముప్పై ఏళ్లు దాటిన ఎలక్ట్రోలిటిక్‌లు, అంటే లోపల ద్రవం ఉండే రకం కండెన్సర్లు, ఎండిపోయి ఉంటాయి. మన ఎండలకు ఇంకా తొందరగా ఎండుతాయి. ఎలాగూ మూత తీశాక అన్నీ ఒకేసారి మార్చేస్తే పీడ వదులుతుంది కదా?

సర్వీసు బల్ల, చిత్తూరు

ఇక్కడ మీతో గట్టిగా విభేదిస్తాను సార్. పవర్ సప్లైలోవీ, సర్వో బోర్డు మీద వేడి పక్కన ఉన్నవీ మార్చాల్సి రావచ్చు, ఒప్పుకుంటాను. వాటినైనా కొలిచి మార్చాలి. అన్నీ పీకి అన్నీ పెట్టించిన ప్లేయర్లు నా దగ్గరకు వస్తుంటాయి. పాత బోర్డు, ఎక్కువ వేడి తగిలితే రాగి పట్టీ లేచిపోతుంది. ఒకచోట ప్లస్, మైనస్ తారుమారు. అప్పటిదాకా ఒక్క జబ్బు ఉన్న యంత్రానికి నాలుగు జబ్బులు అంటుతాయి.

అంకెలను ధ్వనిగా మార్చే టీడీఏ1541ఏ చిప్ చుట్టూ 14 చిన్న కండెన్సర్లు ఉంటాయి, అవి ఎలక్ట్రోలిటిక్‌లు కూడా కావు. ఇంటర్నెట్‌లో చదివి వాటిని కూడా మార్చమని అడిగేవాళ్లున్నారు. ఆ చిప్ ఇప్పుడు తయారు కావడం లేదు. చేయి జారితే దాని స్థానంలో పెట్టేందుకు ఇంకొకటి ఎక్కడ తెస్తాం?

అవిలాల నుంచి

మీ పనితనం మీద నాకు గౌరవమే. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఈసారి అతుకు బాగవుతుంది. ఎప్పుడో ఒకనాడు లేజర్ నిజంగానే పోతుంది. ఆ మెకానిజం కొత్తది లేదు, ఇంకో పాత ప్లేయర్‌ను విప్పి తీయాల్సిందే. ఒకటి బతకడానికి ఒకటి చావాలి. ఇలా ఎన్నాళ్లు?

పుత్తూరు నుంచి

అన్నా, మా అమ్మకు 78 ఏళ్లు. చూపు సరిగా ఆనదు. తెల్లవారుజామున డిస్కు తడిమి పెట్టి, ప్లే బటన్ నొక్కుతుంది. ఫోనులో వెతుక్కోమంటే ఆమె పాట వినడమే మానేస్తుంది. మా ప్లేయర్ ఇంత గొప్పది కాదు, అయినా రెండుసార్లు బాగు చేయించాను. మూడోసారీ చేయిస్తాను.

సర్వీసు బల్ల, చిత్తూరు

అవిలాల తమ్ముడూ, నీ ప్రశ్న న్యాయమైనదే. నకలు తీయవద్దని నేను అనలేదు, తప్పకుండా తీసి పెట్టుకోవాలి. డిస్కులూ శాశ్వతం కాదు, లేబుల్ వైపు గీత పడితే దాని కిందే ఉన్న అల్యూమినియం పొర పోతుంది, అది ఎవరూ బాగు చేయలేరు. నా వాదన ఒక్కటే. నకలు ఉంది కదా అని, కొలిచి చూడకుండా బతికున్న యంత్రాన్ని చచ్చిందనకూడదు. ఇలా అనిపించుకుని తుక్కు కిందకు పోయినవే ఎక్కువ. అవి ఉండి ఉంటే ఇవాళ విడిభాగాలకు ఇంత కరువు వచ్చేది కాదు.

బాలాజీ కాలనీ శ్రోత, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం కరెంటు తీసేసి మూత విప్పాను. లెన్స్ మీద సన్నటి బూడిద రంగు పొర ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి, దాదాపు ఆరనిచ్చి, బరువు ఆనించకుండా తుడిచాను. లెన్స్ నీలంగా మెరిసింది. తర్వాత మూత వేసి చూస్తే డిస్కును మొదటి ప్రయత్నంలోనే గుర్తించింది. కానీ నలభై నిమిషాలకు మళ్లీ తెగింది. బోర్డు మూల మీద వేలితో మెల్లగా తట్టగానే పాట అందుకుంది. రెండుసార్లు తట్టాను, రెండుసార్లూ అంతే. మా అబ్బాయి పక్కనే ఉన్నాడు, "అతుకే నాన్నా" అన్నది వాడే. నకలు తీసే పని కూడా వాడే మొదలుపెట్టాడు, ఇప్పటికి పదకొండు డిస్కులయ్యాయి.

సర్వీసు బల్ల గారూ, ఆదివారం చిత్తూరు తీసుకురావచ్చా?

సర్వీసు బల్ల, చిత్తూరు

తప్పకుండా రండి. మరీ గట్టిగా తట్టకండి, పగులు పెరుగుతుంది. ప్లేయర్ అడుగున మెకానిజాన్ని బిగించే రవాణా స్క్రూలు ఉంటే అవి బిగించి తీసుకురండి. చెన్నై బస్సులో అవి బిగించారా?

బాలాజీ కాలనీ శ్రోత, తిరుపతి

లేదండీ. అలాంటివి ఉంటాయనే తెలియదు. పాత అట్టపెట్టెలో వెతికాను, ప్లాస్టిక్ సంచిలో రెండు ఎర్రటి స్క్రూలు దొరికాయి.