కారు బ్యాటరీ మార్చాలి: 35 ఏహెచ్‌లోనే ఉండాలా, 45కు వెళ్ళాలా?

మున్నేరు (ఖమ్మం)

అందరికీ నమస్కారం. మాది చిన్న పెట్రోలు కారు. కారుతో పాటు వచ్చిన 35 ఏహెచ్ (యాంపియర్-అవర్, బ్యాటరీ ఎంత కరెంటు నిల్వ ఉంచగలదో చెప్పే కొలత) బ్యాటరీ నాలుగేళ్ళు దాటాక ఈ వేసవిలో మొరాయించడం మొదలుపెట్టింది. రెండు రోజులు కారు బయటికి తీయకపోతే మర్నాడు ఉదయం సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను నీరసంగా ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది, డాష్‌బోర్డు దీపాలు మసకబారతాయి. పక్కింటివారి కారు నుంచి కేబుళ్ళు తగిలిస్తే వెంటనే స్టార్టవుతుంది, ఇక ఆ రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు.

బ్యాటరీ మీద 38బి20ఎల్ అని రాసి ఉంది. ఒక దుకాణదారు 45 ఏహెచ్ వేయించుకుంటే ఈ సమస్య మళ్ళీ రాదంటున్నారు. మరొకరు పెద్ద బ్యాటరీ వేస్తే, ఇంజను నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు పాడవుతుందని, 35లోనే ఎక్కువ వారంటీ ఉన్నది తీసుకోమని చెబుతున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే అదే సైజు కొంత తక్కువ ధరకు కనిపిస్తోంది, అయితే అక్కడ సీసీఏ అని మరో అంకె కూడా ఇస్తున్నారు. వీటిలో దేనిని చూసి నిర్ణయించుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ)

మున్నేరు గారూ, కొత్తది ఎంచుకునే ముందు పాతది నిజంగానే చచ్చిందో, లేక దానిని ఇంకేదో చంపుతోందో తేల్చుకోవడం మంచిది. లేకపోతే మీరు ఏ బ్యాటరీ వేయించినా వచ్చే ఏడాది ఇదే ప్రశ్న మళ్ళీ అడగవలసి వస్తుంది. ఒక మామూలు మల్టీమీటరు సంపాదించి మూడు కొలతలు తీయండి. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో, బానెట్ ఎత్తి, ఏ దీపమూ వేయకుండా టెర్మినల్‌ల మధ్య చూడండి. నిండా చార్జి ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపుతుంది. 12.2 అంటే సగమే మిగిలిందని, 12 కంటే దిగితే దాదాపు ఖాళీ అయిందని అర్థం. తరువాత ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించి, ఆ క్షణంలో వోల్టేజి ఎంతవరకు పడిపోతోందో గమనించండి. చార్జి ఉన్న బ్యాటరీ కూడా అప్పుడు 9.6 కంటే కిందికి జారితే అది బరువు మోయలేకపోతోందన్నమాట. చివరగా ఇంజను నడుస్తుండగా చూడండి. 13.8కి, 14.5కి మధ్య ఉంటే ఆల్టర్నేటరు తన పని తాను చేస్తున్నట్లే. బ్యాటరీ పైన పచ్చగా కనిపించే గాజు కన్నును చూసి మోసపోకండి. లోపల ఆరు గదులుంటే ఆ కన్ను ఒక్క గది సంగతే చెబుతుంది, మిగిలిన అయిదింటిలో ఏది పోయినా దానికి తెలియదు.

ఇక 45 ఏహెచ్ సంగతి. ఆల్టర్నేటరు పాడవుతుందన్న మాటలో నిజం లేదు. అది ఒక నిర్ణీత వోల్టేజి ఇస్తుంది, బ్యాటరీ ఖర్చు చేసినంతే తిరిగి తీసుకుంటుంది. బ్యాటరీ పెద్దదైనంత మాత్రాన సెల్ఫ్ మోటారు ఎక్కువ కరెంటు తాగదు. అలాగని పెద్దది వేస్తే సమస్య రాదన్నదీ నిజం కాదు. ఎక్కడో కరెంటు కారిపోతూ ఉంటే 45 కూడా ఖాళీ అవుతుంది, కాకపోతే రెండు మూడు రోజులు ఆలస్యంగా అవుతుంది.

అసలు అడ్డంకి మీరు రాసిన కోడులోనే ఉంది. 38 అన్నది బలాన్ని సూచించే అంకె, దానిని ఏహెచ్ అనుకోకూడదు. బి అనే అక్షరం వెడల్పు, ఎత్తుల తరగతిని తెలుపుతుంది. 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. చివరి అక్షరం ధన ధ్రువం ఏ పక్కన ఉందో చెబుతుంది. మీకు 45 ఏహెచ్ అని చూపిస్తున్నది సాధారణంగా 46బి24ఎల్ అయి ఉంటుంది. వెడల్పు అదే, పొడవు మాత్రం దాదాపు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. 20 సెంటీమీటర్ల పళ్ళెంలో దానిని కూర్చోబెడితే ఒక అంచు గాలిలో వేలాడుతుంది, బిగించే క్లాంపు సరిగా పట్టదు. మన రోడ్ల కుదుపులకు అలా వదులుగా ఊగే బ్యాటరీలో సీసపు పలకల మీది పదార్థం త్వరగా రాలిపోతుంది. మీ కారు మోడల్‌లోనే పై రకానికి పెద్ద పళ్ళెం ఇచ్చి ఉంటే, ఆ పళ్ళెం, ఆ క్లాంపు కూడా మార్పించుకుని 45 వేయించుకోవచ్చు. అంతకు మించి దానికోసం ఆరాటపడనక్కరలేదు. ఎల్‌కు బదులు ఆర్ అంటగడితే మాత్రం ససేమిరా ఒప్పుకోవద్దు, కేబుళ్ళు అందక లాగి బిగిస్తారు. కోడు చివర ఎస్ కూడా ఉంటే టెర్మినల్ కడ్డీలు లావుగా ఉంటాయి, మీ సన్న క్లాంపులు వాటికి పట్టవు.

సాగరతీరం (విశాఖపట్నం)

పాతకాపు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, కొనుగోలు గురించి కొంత చేరుస్తాను.

సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ యాంప్స్) అంకెకు ఖమ్మంలో పెద్దగా విలువ లేదు. మైనస్ 18 డిగ్రీల చలిలో, 30 సెకన్ల పాటు, వోల్టేజి 7.2 కంటే తగ్గకుండా ఎన్ని యాంపియర్లు ఇవ్వగలదో చెప్పే కొలత అది. మంచు కురిసే దేశాలలో ఉండేవారు దానిని చూసే కొనాలి. మన దగ్గర బ్యాటరీని చంపేది వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ చర్యలలో పలకలు తినేయబడటం, నీరు ఇగిరిపోవడం కూడా ఉన్నాయి. ఖమ్మం, కొత్తగూడెం, రామగుండం ప్రాంతాలలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు బానెట్ కింద ఇంకెంత ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. అందువల్ల మీ బ్యాటరీ నాలుగేళ్ళు దాటి నిలవడం తక్కువేమీ కాదు. చలిలో కారు స్టార్టవక తెలిసే బలహీనత చాలాసార్లు అంతకు ముందరి వేసవిలోనే పుట్టి ఉంటుంది. మీకు వేసవిలోనే బయటపడింది కాబట్టి వర్షాకాలం వరకు లాగుదామని అనుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసినది తయారీ తేదీ. సీసం-ఆమ్లం బ్యాటరీ అరలో ఊరికే కూర్చున్నా నెలనెలా కొంత చార్జి పోగొట్టుకుంటుంది, వేడి గోదాములో ఇంకా త్వరగా. 12.4 కంటే దిగి అలాగే ఉండిపోతే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, ఆ తరువాత ఎంత చార్జి ఎక్కించినా పూర్వపు శక్తి రాదు. పెట్టె మీది తయారీ కోడుకు అర్థం ఏమిటో దుకాణదారునే చదివి చెప్పమనండి. మూడు నెలల లోపుదైతే మంచిది, ఆరు నెలలు దాటిందైతే తిరస్కరించండి. బిగించక ముందే మీటరు పెట్టించి 12.5 కంటే ఎక్కువ ఉందని చూసుకోండి. చూపించడానికి నసిగే దుకాణంలో కొనకపోయినా నష్టం లేదు, బ్యాటరీ దుకాణాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

బ్రాండు గురించి మీరు అడగలేదు కానీ ఎలాగూ ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆమరాన్ తయారుచేసే అమరరాజా 1985లో మొదలై తిరుపతి దగ్గరి కరకంబాడి నుంచి పెరిగిన సంస్థ, ఎక్సైడ్‌ది కోల్‌కతా. రెండింటికీ మీ జిల్లాలో డీలర్లు ఉంటారు. మనవాళ్ళు తయారుచేశారన్న అభిమానం ఉండవచ్చు, నాకూ ఉంది, అయితే గోదాములో ఏడాదిగా పడి ఉన్న బ్యాటరీకి ఏ పేరూ ప్రాణం పోయలేదు. అందువల్ల తాజాగా దొరికిన దానినే తీసుకోండి.

వారంటీ నెలలను చూసేటప్పుడు వాటిలో ఎన్ని ఉచితంగా మార్చేవి, ఎన్ని ప్రో-రేటావి అని విడదీసి అడగండి. ఉదాహరణకు 48 నెలలు అని ఉండి అందులో 24 మాత్రమే ఉచితమైతే, మూడో ఏట పాడైనప్పుడు మీకు కొత్తది రాదు, కొత్తదాని ధరలో కొంత తగ్గింపు మాత్రమే వస్తుంది. ఎక్కువ నెలలున్న రకానికీ తక్కువ నెలలున్న రకానికీ ధరలో తేడా ఈ ఉచిత కాలంలోని తేడాకు తగినట్లుగా ఉందో లేదో చూసుకుంటే చాలు. కార్డు మీద అమ్మిన తేదీ, బ్యాటరీ సంఖ్య, కారు నంబరు రాయించి ముద్ర వేయించుకోండి, ముద్ర లేని కార్డు చిత్తు కాగితమే.

ఆన్‌లైన్ ధర చూసినప్పుడు అది పాత బ్యాటరీ ఇచ్చాక ధరా, ఇవ్వకుండానా అన్నది తేల్చుకోండి. పాతదానిలో సగానికి పైగా బరువు సీసమే కాబట్టి దానికి వెల ఉంటుంది. దానిని ఇంటి చెత్తలో కలపకూడదని, సేకరణ లేదా రీసైక్లింగ్ చేసేవారికే అప్పగించాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. వీధిలో తిరిగే పాత ఇనుము వాళ్ళకు ఇస్తే ఆమ్లం మురుగుకాల్వలో పోస్తారు, ఆ పాపం మనకెందుకు.

మున్నేరు (ఖమ్మం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లు కొలతలు తీయించాను. రెండు రోజులు నిలిపి ఉంచిన తరువాత ఉదయం 12.05 ఉంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 8.6కు పడిపోయింది. ఇంజను నడుస్తుండగా 14.2, ఏసీ, హెడ్‌లైట్లు వేసినా 13.9. తరువాత బ్యాటరీని విప్పి, చార్జరు మీద రాత్రంతా ఉంచి, ఏ తీగా తగిలించకుండా ఒక రోజు వదిలేస్తే 12.2 మాత్రమే నిలిచింది. మరో సంగతి, కారులో డాష్‌క్యామ్ ఉంది. పార్కింగులో కూడా రికార్డు చేసేలా దానిని నేరుగా ఫ్యూజ్ పెట్టెకు కలిపి ఇచ్చారు. అదేమైనా కారణం కావచ్చునా?

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ)

చార్జి ఎక్కించి తీగ లేకుండా ఉంచినా ఒక్క రోజులో 12.2కు దిగిందంటే బ్యాటరీ ఆయుష్షు తీరినట్లే, మార్చవలసిందే. ఆల్టర్నేటరు నిక్షేపంగా ఉంది. అయితే డాష్‌క్యామ్ సంగతి తేలకుండా కొత్తది బిగించవద్దు.

కారు తాళం వేసి ఉన్నప్పుడు గడియారం, అలారం, కంప్యూటరు వంటివి కొంత కరెంటు తీసుకోవడం మామూలే, అది 50 మిల్లీయాంపియర్ల లోపు ఉండాలి. కొలవడానికి రుణ టెర్మినల్ కేబులు విప్పి, మీటరును 10 యాంపియర్ల సాకెట్‌లో పెట్టి, ఆ కేబులుకూ టెర్మినల్‌కూ మధ్య వరసలో కలపండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. తాళం వేసి అరగంటకు పైగా ఆగాకే అంకె చూడండి, కారులోని కంప్యూటరు పెట్టెలన్నీ నిద్రలోకి జారుకోవడానికి ఆ సమయం పడుతుంది. తరువాత డాష్‌క్యామ్ ఫ్యూజు పీకి అంకె ఎంత తగ్గిందో చూస్తే దొంగ దొరుకుతాడు.

బ్యాటరీ మార్చేటప్పుడు ముందు రుణ కేబులు విప్పాలి, తగిలించేటప్పుడు చివర తగిలించాలి. ధన టెర్మినల్ విప్పుతున్న పానా పొరపాటున కారు బాడీకి తగిలితే, రుణ కేబులు అప్పటికే ఊడి ఉంటే ఏమీ కాదు, ఊడకపోతే నిప్పులు చిమ్ముతాయి. క్లాంపుల మీద తెల్లగానో నీలిగానో పొడి పట్టి ఉంటే గోరువెచ్చని నీళ్ళలో వంట సోడా కలిపి బ్రష్‌తో కడిగి, ఆరాక బిగించి, పైన కొంచెం వాసలిన్ పూయండి. క్లాంపును సుత్తితో కొట్టి కూర్చోబెట్టే పద్ధతి కొన్ని చోట్ల ఇంకా ఉంది. మీ బ్యాటరీ మీద మాత్రం ఆ పని చేయనివ్వకండి, టెర్మినల్ మొదట్లో పగులు వస్తుంది.

మున్నేరు (ఖమ్మం)

కారు నిద్రలోకి వెళ్ళాక 140 మిల్లీయాంపియర్లు చూపింది, డాష్‌క్యామ్ ఫ్యూజు తీస్తే 25కు దిగింది. రోజుకు మూడున్నర ఏహెచ్‌కు దగ్గరగా పోతున్నదన్నమాట. సగం శక్తి కూడా మిగలని పాత బ్యాటరీ రెండు రోజులకే ఎందుకు చేతులెత్తేస్తోందో ఇప్పుడు అర్థమైంది. డాష్‌క్యామ్ తీగను తాళం చెవి తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు మార్పించాను. 38బి20ఎల్‌లోనే రెండు నెలల కిందట తయారైనది దొరికింది, దుకాణంలో మీటరు 12.65 చూపాకే బిగించనిచ్చాను. బ్యాటరీ విప్పినందువల్ల కిటికీ అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్ళడం ఆగిపోతే, స్విచ్‌ను పట్టి ఉంచి సరిచేసి ఇచ్చారు.

నల్లమల (కర్నూలు)

ఈ చర్చ చదివాక ఒక సందేహం. మా కారు సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను దానంతటదే ఆగి, క్లచ్ తొక్కగానే మళ్ళీ స్టార్టవుతుంది. దానికి కూడా ఇదే సైజు చూసి మామూలు బ్యాటరీ వేయించుకోవచ్చునా? ధరలో తేడా చాలా ఉంది.

సాగరతీరం (విశాఖపట్నం)

వద్దండి. అటువంటి కారులో సెల్ఫ్ రోజుకు అనేకసార్లు తిరుగుతుంది, ఆగి ఉన్నంతసేపూ ఏసీ ఫ్యాను, దీపాలు బ్యాటరీ మీదనే నడుస్తాయి. దానికోసమే ఈఎఫ్‌బీ, ఏజీఎం అనే రకాలు ఉన్నాయి. మామూలు బ్యాటరీ సైజు సరిపోయినా ఆ పనికి త్వరగా అలిసిపోతుంది, అంతకు ముందే ఇంజను ఆపే సదుపాయం పనిచేయడం మానేస్తుంది. మీ పాత బ్యాటరీ మీద ఈఎఫ్‌బీ అని ఉంటే ఈఎఫ్‌బీ, ఏజీఎం అని ఉంటే ఏజీఎం వేయించండి. ఏజీఎం స్థానంలో ఈఎఫ్‌బీ ఇస్తామన్నా ఒప్పుకోకండి. రుణ టెర్మినల్ మీద చిన్న పెట్టెలాంటి సెన్సరు ఉంటే చార్జరు రుణ క్లిప్పును టెర్మినల్‌కు కాక కారు బాడీకి పెట్టాలి, లేకపోతే ఎంత చార్జి ఎక్కిందో కారుకు తెలియదు. కొన్ని యూరోపియన్ కార్లలో కొత్త బ్యాటరీని కంప్యూటరులో నమోదు కూడా చేయాలి. మీది అలాంటిదైతే ఆ పరికరం ఉన్న దుకాణంలోనే బిగింపించుకోండి.