మల్టీమీటర్ జవాబులు ఒకటి వెనక్కి జరుగుతున్నాయి, సాకెట్‌లో క్లియర్ చేసేదెట్లా?

హన్మకొండలోని మా టెస్టింగ్ ల్యాబ్‌లో ఆరున్నర అంకెల బెంచ్ మల్టీమీటర్‌ను ల్యాన్ మీద, 5025 పోర్టు సాకెట్‌తో (నేరు టీసీపీ కనెక్షన్), పైథాన్‌లో పైవీసా (కొలిచే పరికరాలతో మాట్లాడే లైబ్రరీ) నుంచి నడుపుతున్నాం. రాయడానికీ చదవడానికీ టెర్మినేటర్ (సందేశం ముగిసిందనే గుర్తు) న్యూలైనే. *ఐడీఎన్? (పరికరం పేరు, మోడల్ అడిగే కమాండ్) పంపితే వెంటనే జవాబిస్తది.

ఎన్‌పీఎల్‌సీ (ఒక్క రీడింగ్‌ను ఎన్ని కరెంటు సైకిళ్ల సేపు కొలవాలనే సెట్టింగ్) 100 పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఒక్క రీడింగ్‌కు 2 సెకన్లు, ఆటోజీరో (ప్రతిసారీ సున్నాను కూడా కొలిచి సరిచేసుకునేది) ఆన్‌లో ఉంటే ఇంకో 2. పైవీసా డిఫాల్ట్ టైమౌట్ 2000 మిల్లీసెకన్లే, అందుకే మొదట్లో అక్కడే తెగిపోయేది. 10000 చేసినంక అది తీరింది.

అసలు చిక్కు వేరే. కరెంటు పోయొస్తే నెట్‌వర్క్ స్విచ్ రీస్టార్ట్ అయితది, మీటర్, కంప్యూటర్ మాత్రం యూపీఎస్ మీద ఆన్‌లోనే ఉంటయ్. ఆ సందులో ఒక రీడ్ టైమౌట్ అయితే, దాని జవాబు ఆలస్యంగా వచ్చి బఫర్‌లో కూర్చుంటది. ఇక ప్రతి ప్రశ్నకూ ముందటి ప్రశ్న జవాబే. రెసిస్టెన్స్ అడిగితే 4.998 వస్తది, అది అంతకుముందు అడిగిన ఓల్టేజీ! మీటర్ మీద ఎర్రర్ గుర్తు కూడా వెలగదు. రిపోర్టులో తప్పు అంకె ఎక్కుతదనేదే నా భయం.

యూఎస్‌బీ టీఎంసీలో (యూఎస్‌బీ మీద కొలిచే పరికరాలను నడిపే పద్ధతి) డివైస్ క్లియర్ (ఆగిపోయిన సందేశాలను తుడిచేసే ఆదేశం) ఉంది, ఉత్త సాకెట్‌లో అది లేదు. సాకెట్ మూసి మళ్లీ తెరిస్తే మీటర్ లోపలి అవుట్‌పుట్ క్యూ (పంపాల్సిన జవాబుల వరుస) కూడా ఖాళీ అయితదా? లేక డివైస్ క్లియర్ ఉన్న ఇంకో ల్యాన్ పద్ధతి వీఎక్స్‌ఐ-11కు మారడమే మేలా? రోజూ ఇట్ల నడిపేటోళ్లు చెప్పండన్నా.